నీలిమందు నేరం

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన కాంజీభాయ్ సేఠ్ నడిపే వజ్రాల ల్యాబ్ ఉంది. అక్కడివి భూమిలోంచి తవ్విన వజ్రాలు కావు, మిషన్లలో పెంచినవి. దీపావళి సెలవుల తర్వాత ఒక చాంబర్‌లో పెరిగిన రాళ్లను సానబెట్టి చూస్తే, నీళ్లలా తెల్లగా మెరవాల్సినవన్నీ పాలిపోయిన నీలం రంగు తేలాయి. చాంబర్‌లో విత్తనాల్లా పెట్టే వజ్రపు బిళ్లలను కడిగి పళ్లెంలో పేర్చే గదిలో ఉన్నవాళ్లంతా సూరత్ మగ్గాల వాడల నుంచి వచ్చే మన తెలంగాణ ఆడవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు జమున. "వీళ్లు తెల్లకోట్లను నీలిమందులో ముంచి ఉతుకుతున్నారు, ఆ నీలమే రాళ్లకు ఎక్కింది" అని మేనేజర్ వరప్రసాద్ తీర్పు చెప్పేశాడు. జమునను పనిలోంచి తీసెయ్యాలన్నాడు. అదే ల్యాబ్‌లో రాళ్లను పరీక్షించే సంధ్య జమునకు స్వయానా మేనకోడలు. ఆ పిల్ల సేఠ్ గది తలుపు తట్టబోతుండగా పోయిన వారం ఆపాం.

తట్టాలనే అనుకుంది పాపం. కానీ తట్టే ముందు పక్కకు చూసింది.

హాజరు మిషన్ పక్క గోడకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు జమున కోటు వేలాడుతోంది. వచ్చేపోయే మగాళ్లు వేలిముద్ర వేసి, కోటు వంక చూసి, నవ్వుకుంటూ లోపలికి పోతున్నారు. కాలరు దగ్గర, జేబు అంచున కొంచెం నీలం నిలిచిన మాట నిజమే. ఆదివారం పూట బకెట్‌లో నాలుగు చుక్కలు ఎక్కువ పడి ఉంటాయి. బట్ట తెల్లగా ఉండాలని పట్టింపు ఉన్న పద్మశాలి ఇంటి ఆడమనిషి ఆమె. ఆ పట్టింపునే నేరం చేసి గోడకు తగిలించారు. దొంగ దొరికితే కూడా ఇంత అవమానం చెయ్యరు.

అది చాలదన్నట్టు ముందురోజు ఆ గది ఆడవాళ్లందరినీ క్యాంటీన్ ముందు వరసగా నిలబెట్టాడు వరప్రసాద్. గాజులు తీయించాడు. గోళ్లు చూపించమన్నాడు. ఒక్కొక్కరి చేతులు స్పిరిట్ బకెట్‌లో ముంచించాడు. లలితమ్మ చేతికి వంటింట్లో కాలిన పుండు ఉంది. స్పిరిట్ తగిలి ఆమె అమ్మా అని అరిస్తే, "నాటకాలొద్దు" అన్నాడు. ఈ చదువుకున్న మనుషులకు ఎదుటివాళ్ల ఒంటి మీద ఇంత హక్కు ఎవరిస్తారో తెలియదు.

సంధ్య మేకు మీంచి కోటు తీసి భుజాన వేసుకుంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

గదిలో సేఠ్ పూజామూల దగ్గర అగరుబత్తి వెలిగిస్తున్నాడు. వరప్రసాద్ సోఫాలో కూర్చుని సాసర్‌లో చాయ్ చల్లార్చుకుంటున్నాడు. జమున గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. సేఠ్‌తో మాటలన్నీ హిందీలో నడిచాయి. మన మాటలో చెప్తాను.

"ఏంటిది ఛోక్రీ? పిలవకుండా వచ్చావు?" అన్నాడు సేఠ్.

"మా అత్తను పిలిచిన్రు కదా సేఠ్‌జీ. ఆమె తరఫున మాట్లాడేటోళ్లు ఎవరూ లేరు. అందుకే వచ్చిన."

"సంధ్యా, ఇది నీ డిపార్ట్‌మెంట్ విషయం కాదు" అన్నాడు వరప్రసాద్.

"రాళ్ల రంగు నా డిపార్ట్‌మెంటే సార్. రంగు ఎందుకు మారిందో నన్ను ఒక్క మాట అడిగిన్రా? నాకంటే ముందు కోటు గోడకెక్కింది."

సేఠ్ అగరుబత్తి గుచ్చి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సౌరాష్ట్ర పల్లె నుంచి వచ్చి సానచక్రం ముందు కూర్చుని పైకొచ్చిన మనిషి ఆయన. రాయిని కోసే విద్య వేళ్ల చివర ఉంది. రాయిని పెంచే విద్య మాత్రం ఇంజనీర్ల చేతిలో పెట్టి, వాళ్లు చెప్పింది నమ్ముతాడు. నమ్మడం తప్పు కాదు. నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని పేదవాళ్ల మెడ మీద కత్తి పెట్టేవాణ్ణి అనాలి.

"బోలో" అన్నాడు సేఠ్.

"చాంబర్ లోపల వేడి ఎంత ఉంటదో సార్‌నే అడగండి."

వరప్రసాద్ విసుగ్గా చూశాడు. "ఇనుము ఎర్రబడేంత. అయితే ఏంటి?"

"ఆ వేడిలో బట్టలకు పెట్టే నీలం, నీలంగానే నిలుస్తదా? నిమిషంలో మాడిపోతది. రాయికి రంగు ఇట్ల రాదు సేఠ్‌జీ. పసుపు తగిలితే పసుపు, నీలం తగిలితే నీలం అనుకోవడానికి అది పంచె కాదు. గాలికి ఏం రంగుంది? ఏం లేదు. కానీ చాంబర్‌లోకి గాలి చొరబడితే అందులో ఉన్న నైట్రోజన్ రాయిలో దూరి పసుప్పచ్చగా చేస్తది. నిరుడు అట్లనే అయింది. మీరే సీలు మార్పించిన్రు. అప్పుడు ఎవరి చేతి పసుపు అనలేదు కదా?"

సేఠ్ తల ఊపాడు. నిరుడు ఆ పసుపు రాళ్లు చూసి ఆయనకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"కంటికి కనపడనంత మలినం చాలు. అది ఏ మలినమో దాన్ని బట్టే రంగు. నీలం రావాలంటే బోరాన్ కావాలె. నీలిమందులో బోరాన్ లేదు. ఈ ముక్క సార్‌కు తెల్వదా? తెలుసు. నాకంటే పెద్ద చదువు చదివిన్రు."

వరప్రసాద్ సాసర్ బల్ల మీద పెట్టాడు. "సేఠ్‌జీ, ఈ అమ్మాయి మేనత్త కోసం కథలు చెబుతోంది. బోరాన్ అని ఈమెకు ఎవరు చెప్పారు?"

"రాయే చెప్పింది" అంది సంధ్య.

తన కోటు జేబులోంచి రెండు పొట్లాలు, కరెంటు మీటరు తీసి బల్ల మీద పెట్టింది. మొదటి పొట్లంలో మంచి తెల్లరాయి. మీటరు సూదులు రెండూ దానికి ఆనించింది. మీటరు పలకలేదు. రెండో పొట్లంలోని నీలి రాయికి ఆనించింది. మీటరు కీచుమంది.

"మామూలు వజ్రం కరెంటును పోనివ్వదు. బోరాన్ ఉన్నది పోనిస్తది. మీరే చూడండి."

సేఠ్ మీటరు లాక్కుని తానే చూశాడు. తెల్లదాని మీద పెట్టాడు, నీలిదాని మీద పెట్టాడు, మళ్లీ తెల్లదాని మీద పెట్టాడు. ఆయన కనుబొమలు దగ్గరకొచ్చాయి. "మరి ఈ బోరాన్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అది కూడా తెచ్చిన."

సంధ్య కిటికీ పరదా లాగింది. సేఠ్ చాయ్ సాసర్లు రెండు తీసుకుని వాటిలో, వెంట తెచ్చిన సీసాలోంచి బిళ్లలు కడిగే స్పిరిట్ కాస్త కాస్త పోసింది. ఒకదానిలో ఇంటి నుంచి తెచ్చిన నీలిమందు చుక్కలు వేసింది. రెండోదానిలో కాగితంలోంచి చిటికెడు తెల్లపొడి వేసి కలిపింది. పూజామూలలోంచి అగ్గిపెట్టె తెచ్చి రెండింటికీ అంటించింది.

నీలిమందు వేసిన సాసర్‌లో స్పిరిట్ ఎప్పుడూ మండేలాగే మండింది. తెల్లపొడి వేసిన సాసర్‌లో మంట అంచులు ఆకుపచ్చగా లేచాయి. ఆ ఆకుపచ్చ వెలుగు సేఠ్ మొహం మీద, వెనకున్న దేవుడి పటాల మీద ఆడింది. జమున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటిది? ఏం పొడి ఇది?"

"బోరాన్ ఉన్న పొడి సేఠ్‌జీ. అందుకే ఆ మంట. దీన్ని నేను బజారులో కొనలేదు. మగాళ్లు సేదతీరే రెస్ట్‌రూమ్‌లో క్యారమ్ బోర్డు ఉంది కదా, ఆ బోర్డు చట్రం సందుల్లోంచి గీకి తెచ్చిన. కాయలు జారాలని రోజూ చల్లుతరు. బోర్డు సార్‌దే. ఆటగాళ్లలో మొదటి కుర్చీ కూడా సార్‌దే."

సేఠ్ వరప్రసాద్ వైపు తిరిగాడు. వరప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"పొడి వేళ్లకు అంటుకుంటది. ఆ వేళ్లతో పళ్లెం ముట్టుకుంటే చాలు. మా ఆడవాళ్లు ఆ గది గడప తొక్కరు. తొక్కనియ్యరు కూడా. నీళ్ల కోసం పోతే బయట నిలబెట్టి సీసా అందిస్తరు. ఇగ ఆ రోజు సంగతి వినండి. ఆ చాంబర్ మూసింది సద్దుల బతుకమ్మ నాడు. పొద్దున ఖాళీగా ఉంది, మరునాడు మేం వచ్చేసరికి నడుస్తున్నది. మధ్యాహ్నమే ఆడవాళ్లందరూ సెలవు పెట్టి పోయిన్రు. ఇచ్చింది సారే, గొణుక్కుంటూ. పర్వత్ పాటియా దగ్గర మైదానంలో అందరం బతుకమ్మ ఆడినం. అత్త నా పక్కనే ఉంది. పాట ఎత్తుకున్నదే ఆమె. మరునాడు మీకు సత్తుపిండి తెచ్చి పెట్టింది, యాదికుందా?"

"ఉంది" అన్నాడు సేఠ్ మెల్లగా. "చక్కెర వేసిన పిండి."

"అది పెట్టిన చేతులనే నిన్న బకెట్‌లో ముంచించిన్రు. ఆమె గదిలో లేని రోజు జరిగిన తప్పుకు ఆమె కోటు గోడకు కొట్టిన్రు. మా వాళ్లకు రసాయనాలు తెల్వవు కాబట్టి ఏం చెప్తే అది నమ్మి తల వంచుకుంటరని సార్ ధీమా. అదే కదా సార్?"

గొంతు పెరిగింది. పెరగనీ అనుకుంది. ఇన్నాళ్లూ ఆ ల్యాబ్‌లో తల వంచుకుని నమస్తే పెట్టిన మనిషి మీద ఆ పిల్లకు అసహ్యం పుట్టింది. తెలుగువాడు కదా, మనవాళ్లను కడుపులో పెట్టుకుంటాడని చేరిన కొత్తలో సంబరపడింది కూడా. ఆ సంబరం తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

సేఠ్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. సాసర్లలో మిగిలిన మంట ఊగి ఆరిపోయింది.

"ఆ రోజు పళ్లెం పేర్చింది ఎవరు? క్యారమ్ చేతులతో నా గదిలోకి పోయిందెవరు? వాడెవడైనా సరే, ఈ గంటలో బయటికి. కామ్‌రేజ్ నుంచి వరాఛా దాకా ఏ వజ్రాల వాడూ వాణ్ణి గేటు దాటనివ్వకుండా చేస్తాను. వరప్రసాద్, ఎవరు?"

వరప్రసాద్ కళ్లజోడు పెట్టుకున్నాడు.  సంధ్య వైపు తిరిగి, సేఠ్‌కు అర్థం కాకుండా తెలుగులో, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇక్కడితో ఆపమ్మా. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి మీరు చూడాల్సిన పని లేదు."

"ఆ రోజు చాంబర్ ఖాళీగా ఉంటే సేఠ్ నన్ను తిడతాడు. ఆడవాళ్లు లేరు. అందుకని క్యారమ్ ఆడుతున్న మనిషిని బోర్డు ముందు నుంచి లేపి పంపాను. మీ నాన్నని."

సంధ్యకు వెంటనే అర్థం కాలేదు. బాపు క్యారమ్ ఆడటం ఏమిటి? ఆ తర్వాత గుర్తొచ్చింది. మగ్గాల కార్ఖానాలో పని చేసే రోజుల్లో కరెంటు పోయినప్పుడల్లా ఆడేవాడని అమ్మ చెప్పేది. తెలిస్తే బిడ్డ కోప్పడుతుందని ఇక్కడ ఆడే సంగతి దాచి ఉంటాడు.

సంధ్య తండ్రి దశరథం బతుకంతా మర మగ్గాల మధ్యే గడిచింది. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. చెవులు పోయాక కార్ఖానాలో ఉంచుకోలేదు. గొంతు చించుకుంటే తప్ప వినపడని మనిషికి సూరత్‌లో ఎవరూ పని ఇవ్వలేదు. అప్పుడు సంధ్యే సేఠ్ ముందు నిలబడి, మిషన్ హాల్లో మీటర్లు చూసే పని అడిగింది. చూడటానికి చెవులక్కర్లేదు కదా అంది. సేఠ్ నవ్వి, ఆమె మాట మీద పెట్టుకున్నాడు. ఇంట్లో ఆ రోజు దశరథం యూనిఫాం చొక్కా తొడుక్కుని అద్దం ముందు నుంచి కదల్లేదు.

"చేతులు కడుక్కొమ్మని చెప్పిన్రా ఆయనకు?" అని అడిగింది సంధ్య.

"చెప్పాను. వినపడిందో లేదో నాకేం తెలుసు? చొక్కాకు తుడుచుకుని వెళ్లాడు."

"గ్లౌజులు?"

"ఆడవాళ్ల బీరువాలో ఉంటాయి. తాళం వాళ్ల దగ్గర. నేను మీ అత్త మీద పెట్టింది ఎందుకనుకుంటున్నావు? మీ నాన్న బతకాలనే."

చూశారా ఎంత గొప్ప మనసో! వినపడని మనిషిని, ఆ పని ఎన్నడూ చెయ్యని మనిషిని, పొడి చేతులతో లోపలికి తోలింది తను. తన తిట్లు తప్పించుకోవడానికి ఒక ఆడమనిషిని గోడకెక్కించింది తను. ఇప్పుడు అదంతా దయతలచి చేసిన ఉపకారమట.

"మీరు మీ నౌకరీ కాపాడుకున్నరు. మా బాపు పేరెత్తకండి" అంది సంధ్య.

"ఏం గుసగుసలు మీ భాషలో?" సేఠ్ కసిరాడు. "నేను అడిగింది ఎవరని!"

సంధ్య ఆయన వైపు తిరిగింది. చెప్పేస్తాననుకుంది. పంపిన వాడి పేరు, పంపబడిన వాడి పేరు రెండూ చెప్పి, ఎవరిది నేరమో మీరే తేల్చండని అందామనుకుంది. కానీ సేఠ్ ఇందాక అన్న మాటలో పంపిన వాడు లేడు. గదిలోకి పోయిన వాడు మాత్రమే ఉన్నాడు. సానచక్రం దగ్గర పెరిగిన సేఠ్‌కు తప్పు ఎప్పుడూ పని చేసిన చేతిదే.

"మైనే కియా, సేఠ్‌జీ."

అందరూ అటు తిరిగారు. జమున గోడ వదిలి ముందుకొచ్చింది.

"నేనే చేసిన. సాయంత్రం మల్ల వచ్చిన. పని మిగిలిపోయిందని మనసు కొట్టుకున్నది. వచ్చే దారిల రెస్ట్‌రూమ్ బల్ల తుడిచిన. పొడి డబ్బా ఎత్తి పక్కకు పెట్టిన. గట్లనే పోయి పళ్లెం పేర్చిన."

"అత్తా! ఏం మాట్లాడుతున్నవ్?"

జమున తెలుగులోకి మారింది. "నువ్వు ఊకో బిడ్డా. నాకు చేతులున్నయ్, చెవులున్నయ్. యాడన్న ఏదో పని చేస్కొని బతుకుత. మా అన్నకు ఈ పని పోతే ఇంకెవడిస్తడు? ఇంట్ల కూసుంటే మనిషి మనాదితోని పోతడు."

"మేకుకు తగిలించిన కోటు మల్ల నువ్వే తొడుక్కుంటవా? లలితమ్మ, పోశమ్మ అందరూ బయట నిలబడ్డరు. నువ్వు ఒప్పుకుంటే వాళ్ల నెత్తి మీద కూడ పడ్డట్టే. రేపటి నుంచి ఏ మలినం కనపడ్డా తెలంగాణోళ్ల చేతులే అంటరు!"

"అననియ్యి. అన్న నాకు తండ్రి లెక్క. నన్ను ఈ ఊరికి తోల్కొచ్చి అన్నం పెట్టిండు."

సంధ్యకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. వరప్రసాద్ మీద వచ్చింది, బకెట్ మీద, మేకు మీద, క్యారమ్ ఆడిన సంగతి దాచిన తండ్రి మీద, తప్పు చేయకుండా ఒప్పుకుంటున్న అత్త మీద కూడా వచ్చింది. మంచివాళ్లు ఇంత తేలిగ్గా తల పెట్టేస్తారు కాబట్టే కదా, నరికేవాళ్లకు చెయ్యి తిరుగుతోంది అనిపించింది.

వరప్రసాద్ సోఫాలో వెనక్కి వాలాడు. అతని మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "ఒప్పుకుంది కదా సేఠ్‌జీ. ఇక వదిలేద్దాం."

సేఠ్ వదల్లేదు. రాయిని కంటిదగ్గర పెట్టి తిప్పి చూసేవాడిలా జమునను చూశాడు, సంధ్యను చూశాడు.

"ఇది నాకు నచ్చలేదు. నువ్వేమో మీ అత్త నీ పక్కన పాట పాడిందన్నావు. ఆమె ఇక్కడే ఉన్నానంటోంది. ఇద్దరిలో ఒకరు నా ముందు అబద్ధం ఆడుతున్నారు. ఈ గదిలో నేను ఎప్పుడూ నమ్మింది నీ మాటనే. నీ మాట మీద ఒక మనిషికి పని కూడా ఇచ్చాను. ఇప్పుడు కూడా నీ మాటే నమ్ముతాను. ఆ రోజు పొద్దుగూకేదాకా జమున నీ దగ్గర ఉందా, లేదా?"

ఉంది అంటే తండ్రి. లేదు అంటే అత్త. మధ్యలో వరప్రసాద్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. బయట గుమిగూడిన ఆడవాళ్లను పక్కకు జరుపుకుంటూ దశరథం లోపలికి తొంగి చూశాడు. ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కా, చేతిలో మీటర్లు తుడిచే గుడ్డ. సేఠ్ ఎదురుగా నిటారుగా నిలబడిన కూతురును చూసి మొహం విప్పారింది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియని మనిషి కాబట్టి, గదంతా వినపడేలా అడిగాడు.

"ఏమైంది బిడ్డా? అత్త మీది నింద పోయినట్టేనా?"